రివెట్టుకు రెండవ తల

“ఇంటి షెడ్డులో విమానం తయారు చేయడమా?” అని మన ఉద్యోగుల కుటుంబ సభ్యులు ఆశ్చర్యపడవచ్చు. అమెరికాలో ఇది దశాబ్దాలుగా సాగుతున్న వ్యాసంగం. 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇటువంటి ఔత్సాహికులను ఒకచోట చేర్చింది. ఆరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ నెలకొల్పిన సంస్థ ‘ఆర్‌వి’ విమానాల విడిభాగాలను పెట్టెలలో పంపుతుంది. కొన్నవారు వాటిని తమ గరాజులోనే కూర్చుకుంటారు. అందుకు వేలకొద్దీ రివెట్లు వేయవలసి ఉంటుంది.

రివెట్టు చూడడానికి తల గల చిన్న అల్యూమినియం మేకు వలె ఉంటుంది. రెండు రేకులను ‘క్లీకో’ అనే తాత్కాలిక బిగింపులతో జతపరచి, రంధ్రంలో రివెట్టును దూర్చుతారు. ఒకరు బయటినుండి గాలితో నడిచే గన్నుతో తలపై కొడుతుండగా, మరొకరు లోపలినుండి ‘బకింగ్ బార్’ అనే ఉక్కు దిమ్మెను రివెట్టు కొసకు ఆనించి పట్టుకుంటారు. ఆ కొస నలిగి రెండవ తలగా రూపొందుతుంది. గరాజులో ఆ దిమ్మెను పట్టేది తరచుగా భార్యయో, కుమారుడో.

రెండవ తల వెడల్పు రివెట్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. అనగా 3.2 మి.మీ. రివెట్టుకు వెడల్పు 4.8 మి.మీ., ఎత్తు 1.6 మి.మీ. చూపరులు మెచ్చుకునేది బయటి తలను. లోపం దాగియుండేది లోపలి తలలో.

రంధ్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. డ్రిల్లు వేసిన అంచున వాడి పొర మిగిలితే రేకులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవు. అంచున చిన్న గీత ఉన్నా, పదేపదే కలిగే ఒత్తిడికి అక్కడినుండే పగులు ఆరంభం కావచ్చు. 2023లో ఆ ఆర్‌వి సంస్థకే ఇది అనుభవమయింది. లేజరుతో కోసిన కొన్ని రంధ్రాల అంచులలో పగుళ్ళు బయటపడగా, భాగాలను మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఆ డిసెంబరులో సంస్థ దివాలా చట్టపు రక్షణ కోరడానికి గల కారణాలలో ఇదొకటి.

వంగిన రివెట్టును తీసివేయడం కూడ సులభం కాదు. తల నడుమ డ్రిల్లు వేసి, తలను విరిచి, మిగిలినదాన్ని నెమ్మదిగా వెలికి తట్టాలి. డ్రిల్లు పక్కకు జారితే రంధ్రం పెద్దదై, మరింత లావు రివెట్టు కావలసివస్తుంది. కాబట్టి స్వల్పలోపమున్న రివెట్టును కదపకుండుటే మేలని అనుభవజ్ఞులు చెబుతారు. ఏది స్వల్పమో తేల్చవలసినది గేజి. మన బద్ధకం కాదు.

మేము శిక్షణలో ఉన్న రోజులలో ఒక వంగిన రివెట్టును చూసీ చూడనట్లు వదలివేశాము. ఇన్‌స్పెక్టరుగారు దానిని పట్టుకున్నారు. కోపగించక, గేజి మా చేతికిచ్చి, “నేను చూడకపోయి ఉంటే ఏం చేసేవాడివి బాబూ?” అని మాత్రం అడిగారు. మా వద్ద సమాధానం లేకపోయింది.

గరాజులో విమానం కట్టేవారి ప్రక్కన ప్రతిదినమూ అటువంటి పెద్దమనిషి ఉండడు. పని ముగిశాక అధికారి తనిఖీ చేసినా, రేకుల మధ్య మూసుకుపోయిన ప్రతి రివెట్టునూ చూడలేడు. ఆ విమానంలో మొదట ఎగిరేదీ తరచు కట్టినవారే. మన షాపులో తనిఖీ ముద్ర వేసేవారు వేరే ఉన్నారు. అయినా ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది.