ఊసరవెల్లికి తగిన యిల్లు

ఇంటికి వచ్చిన యతిథికి పీటయు, మంచినీళ్లును సిద్ధపరచుట మనకు చిన్ననాటి నుండి యలవడిన ధర్మము. నోరులేని ప్రాణిని ఇంట నుంచుకొనునప్పుడు ఆ ధర్మము మరింత యెక్కువగును. అతిథికి వసతి నచ్చనిచో లేచిపోగలడు. పంజరములోని జీవికి పోవు దారి లేదు. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు మేడలలోని పిల్లలు ఊసరవెల్లిని పెంచుకొందుమని యడిగినచో తల్లి మొదట తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు.

ప్రహరిగోడపై తల యాడించునది తొండ. ఊసరవెల్లి వేరు. దాని కన్నులు రెండును వేర్వేరు దిక్కులకు తిరుగును; వ్రేళ్లు పటకారువలె కొమ్మను పట్టును; తోక చుట్టుకొనును. మన దేశపు ఊసరవెల్లిని పట్టుటయు, పెంచుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధములు. దారి తప్పి వచ్చినచో డబ్బాలో మూయక అటవీశాఖవారికి తెలుపవలెను. భాగవతమున నృగమహారాజు ఊసరవెల్లియై పాడునూతిలో పడియుండగా, ఆటలకు వచ్చిన యదుకుమారులు త్రాళ్లతో పైకి లాగ యత్నించిరే కాని, కట్టి యింటికి గొనిపోవ దలపలేదు. ఈ కథ పిల్లలకు చెప్పదగినది.

ఇక విదేశజాతులు. తలపై కిరీటము వంటి యెత్తు గల యెమెను దేశపు ఊసరవెల్లిని కొందరు పెంచుదురు. అట్టిది ఇంట నున్నచో 2024వ సంవత్సరపు నిబంధనల ప్రకారము పరివేశ్ అను ప్రభుత్వ పోర్టలులో నమోదు చేయింపవలెను.

దానికి అద్దాల పెట్టె కంటె గాలి యాడు జాలి గూడు మేలు. పెద్ద ప్రాణికి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల యెత్తు ఉండవలెను. లోపల అడ్డముగను, ఏటవాలుగను కొమ్మలు కట్టి, పురుగుమందు తగులని మందారమును, మనీప్లాంటును కుండీలలో నుంచవలెను. గూటిని ఎత్తైన బల్లపై నుంచినచో దానికి భయము తగ్గును. ఒక గూటిలో ఒక్కటియే యుండవలెను; రెండు చేరిన కలహమే.

వేడిమి విషయము మిక్కిలి ముఖ్యము. ఈ ప్రాణి తన దేహమున వేడిని పుట్టించుకొనలేదు. ఎండకు పోయి కాగును, నీడకు వచ్చి చల్లబడును. కనుక గూటిలో రెండును ఉండవలెను. వేడి నిచ్చు బల్బును జాలికి వెలుపల, పైభాగమున అమర్చి, దాని క్రింది కొమ్మయొద్ద సుమారు 30 సెంటీగ్రేడు డిగ్రీలును, దిగువ నీడలో 22 మొదలు 25 వరకును ఉండునట్లు చూడవలెను. కొమ్మయొద్ద నొకటి, దిగువ నొకటి ఉష్ణమాపకము లుంచుడు. రాత్రి దీపము లారవలెను. మన నగరమున పుష్యమాసపు ఉదయములందు బల్బు మేలు చేయును. వైశాఖ జ్యేష్ఠములందు ఎండ 40 డిగ్రీలు దాటునప్పుడు అదియే ప్రాణము తీయగలదు. అప్పుడు గదిని చల్లబరచుటయే పని. మేడపై చివరి అంతస్తున కాపురముండువారు ఇది గట్టిగా ఆలోచింపవలెను.

ఎముకల బలమునకు అతినీలలోహిత కిరణముల దీపము పగలు పండ్రెండు గంటలు వెలుగవలెను. కిటికీ అద్దము ఆ కిరణములను ఆపివేయును. దీపము వెలుగుచున్నను కిరణబలము క్షీణించును, ఏటేట మార్చవలెను.

గిన్నెలో నీరు పెట్టిన నిది త్రాగదు. ఆకులపై నిలిచిన బొట్లను నాకును. ఉదయ సాయంకాలములందు ఆకులు తడుపుచు, నడుమ ఆరనీయవలెను. రంగులు పరిసరములకు సరిపోవుటకే మార్చునన్నది పూర్తిగా నిజము కాదు. చలి వేసినప్పుడు వెచ్చదనమునకై నల్లబడును. వేడి యెక్కువైనచో పాలిపోయి నోరు తెరచును. అప్పుడు వెంటనే బల్బు ఆర్పవలెను.

జీవిని తెచ్చుటకు ముందే గూడు కట్టి, దీపము లమర్చి, ఎండకాలమున ఒక వారము ఖాళీగా నుంచి, ఉష్ణమాపకమును పూటపూటకు చూచి వ్రాసికొనుడు. నీడలోని పాదరసము 30 దాటి నిలిచినచో కోరిక మానుకొనుడు. విజయవాడ బాటపై, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరమునకు గుర్తుగా 1975లో వెలసిన హరిణ వనస్థలి ఎల్.బి. నగరునకు దగ్గరనే యున్నది. పిల్లలను అచటికి గొనిపోయి, ప్రాణులు తమ చెట్లనడుమ తామెట్లు మనుచున్నవో చూపింపుడు.