మీకు తెలుసా? సూర్యుడి అయస్కాంతాన్ని వెలుగుతో కొలుస్తారు!

సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రం ఎంతుందో తెలుసుకోవడానికి అక్కడికి దిక్సూచిని పంపనక్కర్లేదు. పంపినా మిగలదనుకోండి! 15 కోట్ల కిలోమీటర్లు దాటి మన దాకా వచ్చే వెలుగులోనే ఆ లెక్క దొరుకుతుంది.

సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే మధ్యమధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. అక్కడి ఇనుము వంటి మూలకాలు కాంతిని మింగేసిన ఆనవాళ్లవి. అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటే ఆ గీతలు రెండుగానో మూడుగానో చీలతాయి. ఎడం పెరిగిందంటే క్షేత్రం అంత బలమైనదన్నమాట. క్షేత్రం కాంతి గీతలను మారుస్తుందని 1896లో ప్రయోగశాలలో కనిపెట్టింది డచ్ శాస్త్రవేత్త పీటర్ జీమన్.

1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ మీద జార్జ్ ఎల్లరీ హేల్ ఈ కిటుకును సూర్యుడి మచ్చలపై ప్రయోగించాడు. వెలుగు దారిలో, కంపన దిశను బట్టి కాంతిని వడకట్టే నికోల్ పట్టకం పెట్టి తిప్పాడు. ఒకవైపు తిప్పితే జంట గీతల్లో ఒకటి మసకబారింది, 90 డిగ్రీలు తిప్పేసరికి రెండోది మసకబారింది. అయస్కాంతం చీల్చిన గీతలే ఇలా ప్రవర్తిస్తాయి కాబట్టి, అది ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. క్షేత్ర బలాన్ని గాస్‌లలో కొలుస్తారు. పెద్ద మచ్చల్లో అది 3 వేల గాస్‌ల దాకా ఉంటుంది. భూమిది ఒక్క గాస్ కూడా లేదు! భూమికి ఆవల అయస్కాంతత్వం ఉందని తేలడం అదే మొదలు.

మచ్చలు లేనిచోట క్షేత్రం బలహీనం. గీత చీలదు, కాస్త వెడల్పవుతుందంతే. 1950ల్లో హెరాల్డ్ బాబ్‌కాక్, ఆయన కొడుకు హోరేస్ కలిసి గీత అంచుల్లోని వెలుగు తేడాను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పట్టే మాగ్నెటోగ్రాఫ్ తయారుచేశారు. ఇప్పుడు నాసా ఎస్‌డీఓ ఉపగ్రహంలోని హెచ్‌ఎంఐ పరికరం 45 సెకన్లకోసారి సూర్యుడి అయస్కాంత పటం గీస్తోంది. అదీ ఇనుము గీతను చూసే!

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన సౌర పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1లోనూ ఓ మాగ్నెటోమీటర్ ఉంది. దాని దారి వేరు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలబడి, సూర్యుడి నుంచి వీచే సౌరగాలి మోసుకొచ్చే క్షేత్రాన్ని నేరుగా కొలుస్తుంది. అక్కడ క్షేత్రం మామూలుగా భూమి మీదున్న దానిలో పదివేలో వంతు. నౌకలోని కరెంటు పుట్టించే క్షేత్రమే దాన్ని మించిపోవచ్చు. అందుకే సెన్సర్‌ను 6 మీటర్ల కడ్డీ చివర బిగించి దూరం పెట్టారు. కడ్డీ మధ్యలో మరొకటి ఉంది. రెండింటి లెక్కలనూ పోల్చి, నౌక వల్ల వచ్చిందెంతో తేల్చి తీసేస్తారు.