కంప్యూటరు ముందే ఊహిస్తుందా?

మీ ఇల్లు రోలుగుంటలో, మీ బడి నర్సీపట్నంలో ఉన్నాయనుకోండి. తెల్లవారుజామున అమ్మ "ఈ రోజు బడి ఉందా?" అని అడగదు. ముందే క్యారేజీ సర్దేస్తుంది. మీరు లేచి జవాబు చెప్పేదాకా ఆగితే బస్సు వెళ్ళిపోతుంది మరి! ఊహ నిజమైతే సమయం కలిసొస్తుంది. సెలవైతే సర్దిందంతా విప్పాలి.

కంప్యూటరులోని ప్రాసెసరు కూడా ఇదే పని చేస్తుంది. ప్రోగ్రాములో "ఇలా అయితే ఈ దారి, కాకపోతే ఆ దారి" అనే చీలికలు అడుగడుగునా వస్తాయి. చీలిక దగ్గర ఆగితే వెనుక వరసలో ఉన్న ఆదేశాలన్నీ ఆగిపోతాయి. అందుకే ప్రాసెసరు ఏదో ఒక దారిని ఊహించి ముందుకు సాగుతుంది. ఊహ తప్పితే చేసిన పనిని పారేసి వెనక్కి రావాలి. నేటి ప్రాసెసర్లలో అందుకు సుమారు 15 నుంచి 20 'టిక్కులు' వృథా అవుతాయి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరుకు సెకనులో 300 కోట్ల టిక్కులు!

ఊహించడం ఎలా?

"నిన్న ఎలాగో నేడూ అలాగే" అనుకుంటే ఆదివారం ఒక తప్పు, సోమవారం మరో తప్పు. వారానికి రెండు. 1981లో జేమ్స్ స్మిత్ అనే ఇంజనీరు రెండు బిట్లతో లెక్క ఉంచుకునే పద్ధతిని వివరించాడు. ఒక్కసారి తప్పితే అభిప్రాయం మార్చుకోవద్దు, వరసగా రెండుసార్లు తప్పితేనే మార్చుకో! అప్పుడు ఆదివారం ఒక్కటే తప్పు. నేటి ప్రాసెసర్లు ఇంకా పొడవైన చరిత్రను గుర్తుంచుకుంటాయి.

మనిషి సాయం

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్స్ కెర్నెల్‌లో ప్రోగ్రామర్లు కొన్ని చీలికల పక్కన 'లైక్లీ' (బహుశా అవును), 'అన్‌లైక్లీ' (బహుశా కాదు) అని రాస్తారు. ఈ సూచన ముఖ్యంగా కంపైలరు కోసం. వంటింట్లో ఉప్పు డబ్బా చేతికందే గూట్లో, ఏడాది ఆవకాయ జాడీ అటక మీద ఉంటాయి కదా! కంపైలరు కూడా తరచు వాడే ఆదేశాలను దారిలోనే ఉంచి, అరుదైన వాటిని దూరంగా పెడుతుంది.

మరి సూచన తప్పయితే? ఉప్పు డబ్బా అటకెక్కినట్టే! అందుకే కెర్నెల్‌లో కొత్త మార్పును పరిశీలించేటప్పుడు వాదన వస్తుంది. "ఇది అరుదు" అంటాడు రాసినవాడు. "కొలిచి చూశావా? ఏ యంత్రం మీద?" అంటాడు పరిశీలించేవాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒకే కెర్నెల్ ఫోన్లలోనూ, పెద్ద సర్వర్లలోనూ నడుస్తుంది. ఒకచోట అరుదైనది మరొకచోట నిత్యం జరగవచ్చు.

2008లో స్టీవెన్ రోస్టెడ్ ఈ సూచనలు ఎన్నిసార్లు నిజమయ్యాయో, ఎన్నిసార్లు తప్పాయో లెక్కపెట్టే ఉపకరణాన్ని కెర్నెల్‌కు చేర్చాడు. అనుభవజ్ఞులు రాసిన సూచనలు కూడా కొన్ని తప్పని తేలాయి. అయితే సూచనలన్నీ దండగ కాదు. జ్ఞాపకశక్తిలో చోటు దొరకకపోవడం వంటి నిజంగా అరుదైన పొరపాట్ల దగ్గర అవి సబబే.

మీరూ చేసి చూడండి. రేపటి నుంచి 30 రోజులు మీ బస్సు వేళకు వస్తుందో రాదో ముందురోజే రాసుకోండి. ఒక వరసలో 'నిన్నటిలాగే' పద్ధతి, మరో వరసలో 'రెండుసార్లు తప్పితేనే' పద్ధతి, మూడో వరసలో మీ సొంత ఊహ. నెలాఖరున తప్పులు లెక్కపెట్టండి. ఎవరు గెలిచారో మీ పుస్తకమే చెబుతుంది!