డ్యాష్‌బోర్డ్: బురద పలక బతుకు కథ

డ్యాష్‌బోర్డ్ కారు కంటే పాతది. గుర్రపు బండి తోలేవాడి కాళ్ల ముందు నిలబెట్టిన చెక్క పలకనో తోలు పలకనో మొదట ఆ పేరుతో పిలిచారు. పరుగెత్తే గుర్రం గిట్టలు ఎగజిమ్మే బురదను ఆపడం దాని పని. 1901లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ కారులో ఇంజన్ సీటు కింద ఉండేది. ముందు గుర్రం లేకపోయినా పలక మాత్రం వంపు తిరిగి అలాగే ఉంది. ఆ కారుకు ‘కర్వ్‌డ్ డ్యాష్’ అన్న పేరు వచ్చింది అందుకే.

ఇంజన్ ముందుకు చేరాక ఆ పలకే వేడిని, నూనె చిందులను అడ్డుకునే గోడ అయింది. డ్రైవరు కళ్లెదుటే ఉండటంతో మీటర్లు కూడా అక్కడే చేరాయి. వాటిలో ముఖ్యమైన స్పీడోమీటర్‌కు జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ పొందాడు. అందులో తిరిగే కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతానికి తగలకుండా దాన్ని కమ్ముకుని ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, గిన్నెను అదే వైపు లాగుతాయి. సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు ఆగుతుంది.

తరవాత వచ్చిన రేకు డ్యాష్‌బోర్డ్‌లు చూడటానికి నిగనిగలాడినా, ప్రమాదంలో ముఖం తగిలితే ఎముకలు విరిగేవి. అలాంటి ముఖాలను సరిచేసే డెట్రాయిట్ ప్లాస్టిక్ సర్జన్ క్లెయిర్ స్ట్రెయిత్, డ్యాష్‌బోర్డ్‌కు మెత్త వేయాలని 1930లలోనే వాదించాడు. 1956లో ఫోర్డ్ కంపెనీ కావాలన్నవారికి మెత్త అమర్చి ఇచ్చింది. కారు లోపలి భాగాలు తాకిడికి ప్రాణాంతకం కాకూడదన్న నిబంధన అమెరికాలో 1968లో అమల్లోకి వచ్చింది. ఆ తరవాత పక్క సీటు వారి ఎయిర్‌బ్యాగ్ కూడా డ్యాష్‌బోర్డ్ లోపల చేరింది. భారత్‌లో కొత్త మోడల్ కార్లకు అది 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

ఇలా పుట్టిన మెత్తని డ్యాష్‌బోర్డ్‌లో సాధారణంగా మూడు పొరలుంటాయి: అడుగున గట్టి ప్లాస్టిక్ చట్రం, మధ్యలో పాలియురెథేన్ నురుగు, పైన వినైల్ తొడుగు. వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనం వేడికి మెల్లగా ఆవిరవుతుంది. అద్దం లోపలివైపు జిడ్డుపొర పట్టడానికి అదొక కారణం. ఆ రసాయనం పోయేకొద్దీ తొడుగు ముడుచుకుని, పెళుసెక్కి పగులుతుంది. అతినీలలోహిత కిరణాలు మిగతా నష్టం చేస్తాయి. 2018లో వెలువడిన అరిజోనా పరిశోధనలో, గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డ్ వేడి సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది.

పగుళ్లు చిన్నవైతే పైన అతికే తొడుగు సరిపోతుంది. అయితే ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని వచ్చే చోటును మాత్రం కప్పకూడదు. మొత్తం మార్చాలంటే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర ఉండాలి. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిల్వ ఉన్న విద్యుత్తు ఆ వ్యవధిలో తగ్గిపోతుంది. ఈ సర్క్యూట్ కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటికి మల్టీమీటర్ తగిలించకూడదు. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను తెరుచుకునే వైపు పైకి ఉండేలా పెట్టాలి.

అంచు పట్టీలను, క్లిప్పులను ప్లాస్టిక్ ఊచతో లేపితే గీతలు పడవు. ఆ తరవాత స్టీరియో, మీటర్ బోర్డు, గ్లవ్‌బాక్స్ తీయాలి. స్టీరింగ్ చక్రం విప్పాల్సి వస్తే ముందు చక్రాలు తిన్నగా ఉండాలి; లేకపోతే స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే రిబ్బన్ తీగ తిరిగి బిగించాక తెగిపోవచ్చు. ప్రతిచోటి స్క్రూలను వేరువేరు కవర్లలో వేసి పేరు రాసుకోవాలి. ఏసీ గ్యాస్ గొట్టాలు విప్పక తప్పని నమూనా అయితే ఆ పని వర్క్‌షాప్‌కే వదలాలి.

చట్రాన్ని ఇద్దరు పట్టుకుని, వెనక తీగలేవీ పట్టుకుని లేవని చూసుకున్నాకే బయటికి లాగాలి. కొత్తది ఎక్కించేటప్పుడు ఏసీ గొట్టాల మూతులు కలిశాయో లేదో చూసి, అన్ని బోల్టులనూ వదులుగా ఎక్కించి, చివర్లో బిగించాలి. బ్యాటరీ కలిపి తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఆ సర్క్యూట్‌లో లోపం ఉన్నట్టే. దాన్ని స్కానర్‌తో పరీక్షించేదాకా పని పూర్తయినట్టు కాదు.