కలప నుంచి కణం దాకా: ఒక మాట కథ

అనుకున్న విహారయాత్ర జరగలేదనుకోండి. ఇంగ్లీషులో అది 'మెటీరియలైజ్' కాలేదంటారు. మనం 'కార్యరూపం దాల్చలేదు' అంటాం. మన మాటలో ఉన్నది రూపం. ఇంగ్లీషు మాటలో ఉన్నది పదార్థం. ఆ పదార్థం మొదట ఏమిటో తెలుసా? కలప!

లాటిన్ భాషలో 'మాటెరియా' అంటే ఇళ్ళు కట్టే కలప. గ్రీకులో 'హ్యూలే' అన్నా అడవి, కట్టె అనే అర్థం. కట్టె లేనిదే బల్ల లేదు కదా! అందుకే క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్, వస్తువులన్నిటికీ ఆధారమైన పదార్థాన్ని 'హ్యూలే' అన్నాడు. లాటిన్ రచయితలు అదే అర్థంలో 'మాటెరియా'ను వాడారు. మేటర్, మెటీరియల్, మెటీరియలైజ్ అనే ఇంగ్లీషు మాటలు దాని సంతానమే.

19వ శతాబ్దంలో ఈ క్రియ చీకటి గదుల్లోకి వెళ్ళింది. చనిపోయినవారి ఆత్మ కంటికి కనిపించడాన్ని 'మెటీరియలైజ్' కావడం అన్నారు. థాలియం మూలకాన్ని 1861లో కనుగొన్న విలియం క్రూక్స్ అంతటివాడు, ఫ్లోరెన్స్ కుక్ అనే యువతి రప్పించిన 'ఆత్మ' నిజమేనని 1874లో ప్రకటించాడు. 1880లో ఆమె జరిపిన మరో ప్రదర్శనలో ఒక ప్రేక్షకుడు 'ఆత్మ'ను గట్టిగా పట్టుకున్నాడు. తీరా చూస్తే అది ఫ్లోరెన్సే!

మరి పదార్థం కానిది నిజంగా పదార్థం కాలేదా? అవుతుంది! 1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను కనుగొన్నాడు. ఇది ఎలక్ట్రాన్ వంటిదే, కాని దీనిది ధన విద్యుదావేశం. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో బ్లాకెట్, ఒకియాలినీ ఇలాంటి కణాలు జంటగా పుడుతున్నాయని చూపారు. గామా కిరణానికి కాంతిలాగే ద్రవ్యరాశి లేదు. అది పరమాణు కేంద్రకం దగ్గర మాయమై, ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారగలదు. ఇందుకు కనీసం 10.2 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం ఆ రెండు కణాల ద్రవ్యరాశికి సరిపడే శక్తి అంతే. భౌతిక శాస్త్రజ్ఞులు దీన్నీ 'మెటీరియలైజేషన్' అన్నారు.

ఆత్మ చీకటినే కోరింది. కణాల జాడలనైతే ఫోటో తీయవచ్చు. అయస్కాంత క్షేత్రంలో ఒకటి ఇటు, ఒకటి అటు వంగుతాయి. ఆ వంపును ఎవరైనా కొలవవచ్చు. ఇకపై ఎవరైనా గాలిలోంచి వస్తువు సృష్టించామంటే, మీరేమడగాలి? "దీపం వేసి, కొలవనిస్తారా?"