బ్యారన్ దగ్గర జాగారం

శివరాత్రికి పామూరు చుట్టుపక్కల జనం భైరవకోనకు వెళ్లి జాగారం చేసి వస్తారు. మర్నాడు మధ్యాహ్నం ఇంత తిని పడుకుంటే దీపాలు పెట్టే వేళకు గానీ లేవరు. దానివల్ల ఒంటికి పెద్దగా చేటు ఉండదు. పోయిన నిద్రను గంటకు గంట తిరిగిమ్మని శరీరం పట్టుబట్టదు, మరుసటి నిద్రను మరింత గాఢం చేసుకుని చాలావరకు సర్దుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ప్రాంతపు చేలల్లో మొక్కూ పుణ్యమూ లేని జాగారం ఇంకొకటి నడుస్తుంటుంది. అది పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ అనే కొట్టం దగ్గర.

పచ్చి ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లోకి ఎక్కించాక ఐదారు రోజులు మంట ఆరకూడదు. ఆకు పసుపు తిరిగేదాకా 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూఇటూగా ఉంచి, చివరికి ఈనె ఎండడానికి 160 దాకా వేడి పెంచాలి. రాత్రి రెండింటికి మంట మందగించినా, మితిమీరినా ఆకు రంగు చెడుతుంది. రంగు చెడితే వేలంలో రేటు పడిపోతుంది. అందుకే రైతు గోడ వారగా మంచం వేసుకుంటాడు. మాటిమాటికీ లేచి, అద్దంలోంచి టార్చి వేసి థర్మామీటరు చూసి, పొయ్యిలోకి మరో మొద్దు తోసి, మళ్లీ నడుం వాలుస్తాడు. ఒక బ్యారన్ దించేసరికి తర్వాతి కోత ఆకు వచ్చి పడుతుంది.

అడిగితే, "పడుకుంటానే ఉన్నా గదా" అంటాడు. మంచం మీద ఉన్న మాట నిజమే. కానీ మన నిద్ర సుమారు 90 నిమిషాలకో విడతగా సాగుతుంది. తేలిక నిద్ర, గాఢనిద్ర, ఆ తర్వాత మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే కలల నిద్ర. ఈ చివరిదాన్ని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించి లోకానికి చెప్పారు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనూ, కలల నిద్ర తెల్లవారుజామునా వస్తాయి. గంటకోసారి లేచేవాడికి ఏ విడతా సాంతం సాగదు.

పగలు పడుకుని పూడ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. నిద్రను నడిపేవి రెండు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటూ మగతను పెంచుతుంది. టీలోని కెఫీన్ దాన్ని పని చేయనివ్వదు, అంతేగానీ తీసెయ్యదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రెండోది మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఉన్న గడియారం. అది కంట పడే వెలుతురును బట్టి రాత్రీ పగలూ లెక్క కడుతుంది. జీవగడియారం లోపల జన్యువులు ఎలా పని చేస్తాయో తేల్చినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ వచ్చింది. బ్యారన్ రైతు పొద్దున తొమ్మిదింటికి ఇల్లు చేరితే అడెనోసిన్ పడుకోమంటుంది, గడియారం ఒప్పుకోదు. దానికి తోడు, నిద్ర పట్టాలంటే లోపలి ఒంటివేడి కాస్త తగ్గాలి. ఎండకు కాగిన రేకుల కింద అది ఎలా తగ్గుతుంది? రెండు మూడు గంటలకే మెలకువ వచ్చేస్తుంది.

ఈ లోటు రోడ్డు మీద ప్రాణాల మీదికి తెస్తుంది. 17 గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి చురుకుదనం, నెత్తుట్లో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ చూపించారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతమే. పామూరు మీదుగా పోయే 167బి జాతీయ రహదారి మీద మందు తాగినవాణ్ని పట్టుకునే యంత్రం పోలీసుల దగ్గర ఉంటుంది. నిద్ర చాలనివాణ్ని పట్టుకునే యంత్రం వాళ్ల దగ్గర లేదు.

ఇదంతా పనివల్ల పోయే నిద్ర. జబ్బువల్ల పోయేది వేరే ఉంది. పడుకోగానే కాళ్లు లాగుతూ, కదిలిస్తే తప్ప నెమ్మదించకపోతే దాన్ని ఒంటినొప్పులని తీసిపారేయకూడదు. ఇనుము తక్కువైనవాళ్లలో ఇది ఎక్కువ. రక్తహీనత ఇంత ఉన్న మన ఆడవాళ్లకు ఒక రక్తపరీక్షతో దారి దొరకొచ్చు. జబ్బు కాకపోయినా భయపెట్టేది ఇంకొకటి ఉంది. దయ్యం గుండెల మీద కూర్చుంది, కేక వేద్దామంటే గొంతు పెగల్లేదు అంటారే, అది కలల నిద్రలో కండరాలకు పడిన కట్టు మెలకువ వచ్చాక కూడా కొద్ది క్షణాలు విడకపోవడం. తాయెత్తు అక్కర్లేదు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దీనికి మొదటి వైద్యం మాత్ర కాదు. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర ముంచుకొచ్చాకే మంచం ఎక్కడం, పట్టకపోతే లేచి అవతలికి వెళ్లడం వంటి అలవాట్లను నిపుణుల సాయంతో కుదుర్చుకోవాలి. మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం అనే మత్తుమాత్ర అలవాటైపోతుంది, ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు తాగినవాళ్లు కల్లు దొరకని రోజున పడే అవస్థ వెనక ఉన్న మందుల్లో ఇదీ ఒకటి.

ఆ మాత్ర గురకవాడికి మరీ ప్రమాదం. మనలో గురక అంటే సుఖనిద్ర అనే పేరు పడిపోయింది. కానీ కొందరిలో నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుని మళ్లీ నిద్రలోకి జారతాడు. గంటకు 5 సార్లు దాటితే జబ్బు, 30 దాటితే తీవ్రం. పడుకున్నవాడికి ఇవేవీ గుర్తుండవు. పొద్దున తలనొప్పి, పగలు కునికిపాట్లు, ఎన్ని మందులు మార్చినా దిగని బీపీ మిగులుతాయి. మత్తుమాత్రా, మద్యమూ ఆ గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ ముక్కు మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఈ దారి మూసుకోకుండా నిలబెట్టవచ్చని చూపించాడు. సీప్యాప్ అనే ఆ యంత్రమే ఇవాళ్టికీ ప్రధాన వైద్యం.

కాబట్టి మీ ఇంట్లో గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నవాళ్లు ఉంటే, ఈ రాత్రే సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయండి. ఒంగోలు వెళ్లినప్పుడు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకో, ఊపిరితిత్తుల డాక్టరుకో దాన్ని చూపించి, నిద్ర పరీక్ష అవసరమేమో అడగండి.