ఊపిరి తగ్గినా సేవ తగ్గలేదు

కొల్లాపూర్‌లో చలి ముదిరి, మామిడి తోటలు పూతకొచ్చే రోజుల్లో మా సంఘంలోని ఒక తల్లికి ఆయాసం ఎక్కువవుతుంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ మింగిన ఛాతీ ఆమెది. పైగా ఉబ్బసం. అయినా ఇరవై ఏళ్లుగా సండేస్కూలు పిల్లలకు ఆమే టీచరమ్మ. ఒక ఆదివారం వాక్యం చెబుతూ మధ్యలో ఊపిరాడక కూలబడ్డారు. మేము భయపడి, ‘‘ఇక మీరు విశ్రాంతి తీసుకోండమ్మా, మీకోసం మేము ప్రార్థిస్తాం’’ అన్నాం. ఆమె కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. ‘‘ఊపిరి తక్కువైంది గానీ పిల్లల మీద ప్రేమ తక్కువ కాలేదు అయ్యగారూ’’ అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. జాలి పేరుతో మేము ఆమె సేవను లాక్కున్నామా?

అప్పుడు మాకు హెన్రీ మార్టిన్ గుర్తొచ్చాడు. ఇంగ్లండులో పుట్టిన ఆ యువకుడి కుటుంబాన్ని క్షయ వెంటాడింది. అతనూ ఊపిరితిత్తుల జబ్బుతోనే బతికాడు. 1806లో కలకత్తా చేరి, దానాపూర్‌లో, కాన్పూర్‌లో చాప్లిన్‌గా పనిచేశాడు. కాన్పూర్‌లో తన బంగళా ఆవరణలో బిచ్చగాళ్లను కూర్చోబెట్టి దేవుని మాటలు చెప్పేవాడు. గట్టిగా మాట్లాడితే ఛాతీలో నొప్పి. కానీ కూర్చుని రాయగలడు కదా! దేశీయ పండితుల సాయంతో 1810 నాటికి కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చాడు. మన పాలమూరు వీధుల్లో నేటికీ వినిపించే భాష అది. తర్వాత షిరాజ్ వెళ్లి పారశీ అనువాదం కూడా పూర్తిచేశాడు. 1812 అక్టోబర్ 16న టోకట్ పట్టణంలో కన్నుమూసే నాటికి వయసు 31 ఏళ్లే. ఉర్దూ కొత్త నిబంధన అచ్చయింది 1814లో. అచ్చయిన ఆ పుస్తకాన్ని అతను చూడనేలేదు.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప మాత్రం చాలినంత దొరికింది (2 కొరింథీ 12:7–9). ప్రభువు స్వస్థపరచగలడు, అది మన విశ్వాసం. కానీ స్వస్థత ఆలస్యమైనంత మాత్రాన సేవ ఆగనక్కరలేదు.

అలాగని మందు మానేయడం విశ్వాసం కాదు. తరచు బలహీనపడే తిమోతిని పౌలు ప్రార్థనతోనే సరిపెట్టుకోమనలేదు, ఆనాటి వైద్యం చెప్పాడు. సేవ మానమనీ అనలేదు (1 తిమోతి 5:23). మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో పలు మిషన్లు కలిసి క్షయరోగులకు శానటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపారు. క్షయను నయంచేసే స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ దొరకలేదు. మందు లేని రోజుల్లోనే మన పెద్దలు రోగిని వదిలిపెట్టలేదు. మందులున్న ఈ రోజుల్లో, ‘విశ్వాసముంటే ఇన్‌హేలర్ ఎందుకు’ అని రోగిని నొప్పించడం ఎంత తప్పు! ఉబ్బసం పూర్తిగా పోకపోవచ్చు, కానీ డాక్టర్ చెప్పినట్టు క్రమంగా మందు పీలిస్తే చాలామందికి అదుపులో ఉంటుంది. ఆ పీల్చే మందు కూడా దేవుని దయే.

మరుసటి వారం మేమే ఆ తల్లి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని కథ చెబుతారు. పాటలు ఒక యువతి పాడిస్తుంది. ఇన్‌హేలర్ చేతిసంచిలో బైబిలు పక్కనే ఉంటుంది. ఆయాసం వస్తే ఆగుతారు, పిల్లలు మౌనంగా ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో వాళ్లు నేర్చుకునే ప్రేమ మా ప్రసంగాల్లో దొరకదు.

ప్రియులారా, మీ సంఘంలో ఆయాసంతో వెనుక బెంచీలో కూర్చున్న వారెవరు? వారికోసం ప్రార్థించండి, ఆస్పత్రికి తోడు వెళ్లండి. అంతటితో ఆగక, ‘‘మీరు మాకేమి చేయగలరు?’’ అని కూడా అడగండి. మట్టిబొమ్మలో జీవవాయువు ఊదిన దేవుడు కొందరికి ఊపిరి కొంచెమే ఇచ్చి ఉండవచ్చు. పని లేకుండా మాత్రం ఎవరినీ పంపలేదు.